పీతపిల్లల ప్రథమాహారము



గంగపుత్రుల సభలయందు వలలను గూర్చియు, చెఱువుల హక్కులను గూర్చియు ముచ్చటించుట పరిపాటి. మేము నేడు కంటికి కనబడీ కనబడని పీతపిల్ల యొక్క ఆహారమును గూర్చి మనవి చేయ సంకల్పించితిమి. సముద్రములేని కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలవారికి ఈ ప్రసంగ మేల యని శంకింపవలదు. చెఱువున విడిచిన విత్తనము చేతికి వచ్చుటయు, రాకుండుటయు చాలవఱకు ఈ విషయముమీదనే యాధారపడియున్నది.

మన పొలముగట్లలో బొరియలు చేసికొని యుండు ఎండ్రకాయ నెఱుగనివారు లేరు. దీని గ్రుడ్లు కొలదివి, పెద్దవి. పిల్ల గ్రుడ్డులోని సొనతోనే పెరిగి, సర్వావయవములును పొంది, చిన్న ఎండ్రకాయగానే వెలువడి, కొన్నాళ్లు తల్లిపొట్టక్రింద నుండును. ఇట్లు తల్లి నంటియున్న పిల్లలను చూచియే కాబోలు, అవి తల్లిని తినివేయునను ప్రవాదము పుట్టినది. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు సయితము రాజపుత్రులు పీతలవలె కన్నవారిని భక్షింతురను భారద్వాజమతము పేర్కొనబడినది. వాస్తవమున తల్లి యిచ్చినది సొనయను చద్దిమూట మాత్రమే.

సముద్రతీరమున పెంచెడు మండపీత త్రోవ వేఱు. ఒక్క తల్లి పది లక్షలకు మించి గ్రుడ్లు పెట్టగలదు. కావున ఒక్కొక్క పిల్లకు దక్కు చద్ది మిక్కిలి స్వల్పము. పిల్ల పీతరూపమైన లేక, ముండ్లతోను తోకతోను వెలువడి, నీట తేలుచు, పుట్టినదాదిగ మేత వెదకికొనవలయును. దీనిని శాస్త్రజ్ఞులు జోయియా యందురు. ఐదు జోయియా దశలు గడచిన పిమ్మట అది మెగలోపా యగును. గ్రీకుభాషలో దీనికి పెద్దకన్నులు గలదని యర్థము. మఱల కుబుసము విడిచిననే పీతరూపము వచ్చును. ఇందుకు ఇంచుమించు నాలుగు వారములు పట్టును.

ఈ నాలుగు వారముల జమాఖర్చును చూతము. తిన్నదంతయు జమ. అందు జీర్ణముగాక పోవునది కొంత. ఊపిరికిని ఈతకును కొంత. ప్రతి కుబుసముతో విడిచిపెట్టునది కొంత. ఇవి పోగా మిగిలినదే పెరుగుదల. నీరు వెచ్చనైనకొలది దేహవ్యాపారము వేగిరపడి ఖర్చు హెచ్చును. తొలిదశయందే కొన్నిదినములు పస్తున్న పిల్ల, పిదప మేత దొరకినను కోలుకొనజాలదు.

హేచరీలలో తొలుత రోటిఫరులను సూక్ష్మజీవులను, పిదప ఆర్టీమియా పిల్లలను మేతగా నిత్తురు. అయినను కడుపు నిండుట మాత్రమే చాలదు. ఒమేగా-3 జాతి క్రొవ్వులలో కొన్నింటిని పీతపిల్ల తనంతట చాలినంతగా చేసికొనలేదు. అవి కొఱవడినచో కుబుసము విడుచువేళ మరణించును. మితిమీరినను అవయవములు అకాలమున పెరిగి, కుబుసము ఊడక నశించునని పరిశోధకులు కనుగొనిరి. తమిళనాట రాజీవ్‌గాంధీ జలచరసంవర్ధన కేంద్రమువారు పీతవిత్తనమును హేచరీలో సిద్ధపఱచినది ఇట్టి పోషణజ్ఞానముతోనే.

ఇక మన యింటిమాట. నీలకంఠరొయ్య మంచినీట పెరుగునదైనను, దాని పిల్ల తొలినాళ్లలో ఉప్పు కలిసిన నీరు లేక బ్రతుకదు. పదునొకండు దశలు గడువవలెను. గోదావరిముఖమున పుట్టిన పిల్ల ఎదురెక్కి రాకుండ ఆనకట్టలు అడ్డుపడినవి. కావున దిగువ మానేరు జలాశయమున విడుచు రొయ్యపిల్ల బాల్యమంతయు ఎక్కడో హేచరీలో, మన కంటికి దూరమున, గడచినది. రవ్వ, బొచ్చె పిల్లలకును సొన మూడుదినముల ముచ్చటయే. అంతలో నర్సరీ కుంటయందు సూక్ష్మజీవుల మేత సిద్ధముగా నుండవలెను. 2016లో తెలంగాణ ప్రభుత్వము చేపపిల్లల ఉచిత పంపిణీ నారంభించినప్పుడు చెఱువులకు 35 మొదలు 40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయములకు 80 మొదలు 100 మిల్లీమీటర్ల పిల్లలు కావలెనని నియమించుటకు కారణ మిదియే. అర్ధాకలితో వచ్చిన చిన్నపిల్ల కొఱ్ఱమేనునకు ఎఱయగును.

సోదరులారా! లక్షల సంఖ్యను విని సంతసించి సంతకము చేయకుడు. పిల్ల పొడవును కొలువుడు. నీటిప్రవాహమున కెదురీదుచున్నదో లేదో పరికింపుడు. సంచులను చెఱువునీట కొంతసేపు తేలనిచ్చి, వేడిమి సమమైన పిమ్మట చల్లనివేళ విడువుడు. విత్తనము చచ్చిన చెఱువు నిండియున్నను, ఆ యేడు మన సంఘములకు పస్తే.

పోషకులకు మా విన్నప మొకటి. పెబ్బేరు మత్స్యశాస్త్రకళాశాలకు మన బాలబాలికలను పంపుడు. అందులకు విద్యార్థివేతనములను కల్పింపుడు. వల నల్లుట మనకు తాతలు నేర్పిరి. విత్తనమును పోషించుట మనపిల్లలు నేర్చి మనకు నేర్పుదురుగాక. ఇంతటితో విరమించుచున్నాము.