ముందు ఊరి పేరు చెప్పండి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సంచికలో నేనొక వ్యాసం రాశాను. ఆపదలో మనం ఫోను చేస్తే అవతల ఎత్తి మాట్లాడే ఉద్యోగులు ఎంత కష్టమైన పని చేస్తున్నారో అందులో చెప్పాను. దానికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి మెచ్చుకుంటూ, పది దులిపేస్తూ. కార్యదర్శిగారు ఆ కట్ట నా చేతిలో పెట్టి, "వీటి సంగతి మీరే చూసుకోండి" అన్నారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. వచ్చిన కాగితానికి ఇన్‌వార్డు నంబరు వేసి, సాంతం చదివి, జవాబు తయారుచేసి పైకి పెట్టడం తప్ప వేరే విద్య రానివాణ్ణి. కాబట్టి ఈవేళ నాది ఉపన్యాసం కాదు, ఆ ఉత్తరాలకు జవాబు. రాసినవారి పేర్లు మాత్రం చెప్పను. ఇద్దరు ముగ్గురు ఈ హాల్లోనే ఉన్నారు.

అయిదు ఉత్తరాల్లో ఒకే అభ్యంతరం ఉంది. "ప్రాణం పోతోందయ్యా అంటే పేరేమిటి, ఊరేమిటి, వయసెంత అని స్టేషన్లో కేసు రాసుకున్నట్టు అడుగుతారేం? ముందు బండి పంపి తర్వాత అడగకూడదా?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగవలసింది మనం కాదు, వాళ్ళు. బండి పంపాలంటే ఎక్కడికో తెలియాలి. మన చిన్నప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజీలో కూర్చునే ఆయనకు ఊళ్ళో సగం మంది ముఖపరిచయం. ఇప్పుడు ఫోను ఎత్తే అమ్మాయి ఎక్కడో వందల మైళ్ళ దూరాన, రాష్ట్రానికంతటికీ ఒకచోట పెట్టిన కేంద్రంలో ఉంటుంది. మీరు కంగారులో "రామాలయం వీధి, త్వరగా రండి" అంటే ఆమెకు ఏ ఊరి రామాలయమని తెలుస్తుంది? రామాలయం లేని ఊరుందా? గాంధీనగరం లేని పట్నముందా? సెల్‌ఫోను ఎక్కడుందో యంత్రం చూపిస్తుంది కదా అంటారు. కొన్నిసార్లు అది ఫలానా టవరు దరిదాపుల్లో అని చెప్పగలదే తప్ప, మూడో అంతస్తులో ఎడమచేతి తలుపు అని చెప్పలేదు.

ఇంకొకటి. మనం అనుకున్నట్టు, ప్రశ్నలన్నీ పూర్తయితే గాని బండి కదలదని కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలయింది. ఆ పద్ధతిలో ఫోను ఎత్తేవారు ఒకరు, బండిని పురమాయించేవారు మరొకరు, అవసరమైతే సలహా చెప్పడానికి డాక్టరు వేరే. చోటు తెలిసిందంటే ఆ వివరం రెండో మనిషి ముందుకు వెళ్ళిపోతుంది. మీతో మాట్లాడే మనిషి మిగతా ప్రశ్నలు అడుగుతూనే ఉంటుంది. మీకు అది కాలయాపనలా వినబడుతుంది. ఆ వేళకు బండి బయలుదేరి ఉండవచ్చు.

మరి ఆ మిగతా ప్రశ్నలెందుకు? నేను కొందరు డాక్టర్లను అడిగి తెలుసుకున్నది చెబుతాను. "ఎప్పుడు మొదలయింది?" అని అడుగుతారు. మూతి ఒక పక్కకు లాగేసి, చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తుంటే అది పక్షవాతం కావచ్చు. నెత్తురు గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అందుకని ఆ గడియారం లెక్క వాళ్ళకు కావాలి. "ఊపిరి ఆడుతోందా?" అని ఒకసారి అడిగి, "మామూలుగానే ఆడుతోందా?" అని మళ్ళీ అడుగుతారు. గుండె ఆగిపోయిన మనిషి కూడా కాసేపు గురక పెట్టినట్టు ఎగశ్వాస తీయవచ్చు. చూసేవారు ఊపిరి ఉందనుకుంటారు. ఆ రెండో ప్రశ్న వెనుక ఒక ప్రాణం ఉంది. "మీ ఫోను నంబరు చెప్పండి" అంటే, లైను తెగితే తిరిగి చెయ్యడానికి.

ఈ లైను తెగడం గురించి నాకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను కొట్టిన రోజు తూర్పు గోదావరి జిల్లా కలెక్టరేటు కంట్రోల్ రూములో నా డ్యూటీ. నాలుగు గళ్ళ రిజిస్టరు: ఎన్ని గంటలకు, ఎవరు, ఏం చెప్పారు, ఎవరికి తెలియజేశాం. చీకటి పడేవేళ ఒక ఫోను వచ్చింది. "ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి, నీళ్ళు లోపలికి వచ్చేస్తున్నాయి, మనుషుల్ని పంపండి" అని ఒక గొంతు. "ఏ ఊరు బాబూ?" అన్నాను. "ముందు మనుషుల్ని పంపవయ్యా, ఊరూ పేరూ తర్వాత!" అని ఆయన అరిచాడు. మళ్ళీ అడిగేలోగా లైను తెగిపోయింది. ఎవరు చేశారో చూపించే ఫోన్లు మా దగ్గర లేవు. ఆ రాత్రి వైర్‌లెస్ పనిచేసిన ప్రతిచోటికీ "మీ పక్క ఊళ్ళోంచి ఎవరైనా ఫోను చేశారా?" అని అడుగుతూనే ఉన్నాం. ఆ ఊరేదో ఈనాటికీ తెలియలేదు. ఆ రిజిస్టరులో రెండో గడి ఖాళీగానే ఉండిపోయింది. ఆయన మీద నాకు కోపం లేదు. కళ్ళముందు నీళ్ళు పెరుగుతుంటే ఎవరైనా అలాగే అరుస్తారు. కాని, ఆ ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే!

రెండో అభ్యంతరం: "ఆ గొంతులో జాలీ దయా ఉండవు. చిలకలాగా అన్నదే అంటుంది." అవును, అంటుంది. అలా అనమనే వాళ్ళకు శిక్షణ. భయంతో ఉన్న మనిషికి కొత్త కొత్త మాటలు చెవికెక్కవు. ఒకే మాటను అదే గొంతుతో, కోపం లేకుండా నాలుగుసార్లు చెబితే అయిదోసారికి తలకెక్కుతుంది. ఇది అమెరికాలో 1970లలో పెరిగిన విద్య. సాల్ట్ లేక్ సిటీలో జెఫ్ క్లాసన్ అనే డాక్టరు ఆ దశాబ్దం చివరలో, ఫోను ఎత్తేవారు ఏ కష్టానికి ఏమడగాలో, బండి చేరేలోగా ఏం చెయ్యమనాలో కార్డుల మీద వరసగా రాసి పెట్టాడు. అంతకు ముందు వాళ్ళ పని కబురు అందించడం. ఆ తర్వాత ఫోనులోనే తొలి చికిత్స మొదలయింది. గుండె ఆగినవారి రొమ్ము మధ్య రెండు చేతులూ పెట్టి, సుమారు రెండంగుళాలు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పక్కనున్నది మీరే. ఫోనులో ఒక గొంతు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతుంటే నొక్కవలసిన చేతులు మీవే. ఆ సమయంలో ఆ గొంతు ఏడుస్తూ ఉంటే మనకేం లాభం?

అయితే, నేను ఫోను ఎత్తేవాళ్ళ వకీలును కాను. ఒక ఫ్యామిలీ పెన్షనరు సోదరి రాసిన ఉత్తరం చూడండి. "కాన్షస్‌గా ఉన్నారా అని అడిగిందండీ. నాకా మాట తెలీదు. లేదమ్మా, హైస్కూలు దగ్గర ఉన్నాం అన్నాను." మీరు నవ్వుతున్నారు. ఆవిడ ఆ రోజు నవ్వలేదు. "పిలిస్తే పలుకుతున్నారా?" అంటే సరిపోయేది. తెలుగువాళ్ళ ప్రాణాలు తెలుగులో అడగాలి. ఈ విమర్శ నూటికి నూరుపాళ్ళూ న్యాయం. దీన్ని సంఘం తరఫున రాతపూర్వకంగా పంపాలని ఈ సభలో ప్రతిపాదిస్తున్నాను.

ఇక నన్ను నిద్రపోనివ్వని ఉత్తరం ఒకటుంది. నాలుగే వాక్యాలు. "నా భార్యకు గుండెనొప్పి వచ్చింది. అడిగినవన్నీ చెప్పాను. బండి వచ్చేసరికి నలభై నిమిషాలు, ఆమె దక్కలేదు. మీరు మాత్రం వాళ్ళ మీద వ్యాసాలు రాసుకోండి."

దీనికి ఉత్తరం రాయడం మర్యాద కాదని ఆయన ఇంటికే వెళ్ళాను. గంటసేపు ఆయన చెప్పాడు, నేను విన్నాను. ఆయన సెల్‌ఫోనులో ఆ రోజు చేసిన ఫోను వేళ, మాట్లాడిన నిమిషాలు ఇంకా ఉన్నాయి. మాట్లాడింది మూడు నిమిషాలు. తక్కిందంతా బండి కోసం ఎదురుచూపు. దగ్గరలోని బండి అప్పటికే ఇంకో రోగిని తీసుకుని పట్నం వెళ్ళిందట. ఇవన్నీ చూసి నేనేమీ అనలేదు. ఆయనే కాసేపటికి, "అయితే ఆ పిల్లను తిట్టుకుని ఏం లాభం మాస్టారూ, ఇంకో బండి కావాలని అడగాలి గాని" అన్నాడు.

ఇద్దరం కలిసి అర్జీ రాశాం. తేదీ, ఫోను చేసిన వేళ, బండి చేరిన వేళ, గ్రామం, మండలం, ఆసుపత్రి ఎంత దూరం, ఆ దారిలో ఉన్న పల్లెలు ఎన్ని. తిట్టు ఒక్కటీ లేదు. ఆయన కన్నీరు మాత్రం కాగితం మీద ఒక చోట పడింది, మళ్ళీ శుభ్రప్రతి తీశాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా రిమైండర్లు పంపుతాం. అది మన అందరికీ చేతనైన విద్యే.

ఉత్తరం ముక్కతో ఏమవుతుందని ఎవరూ అనకండి. 1935 నవంబరు 10న లండన్‌లో వింపోల్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు అంటుకుని అయిదుగురు స్త్రీలు చనిపోయారు. అగ్నిమాపక దళానికి ఫోను చేసిన పొరుగాయన్ను ఎక్స్ఛేంజీ మామూలు ఫోన్ల వరసలోనే నిలబెట్టింది. ఆయనకు ఒళ్ళు మండి టైమ్స్ పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాడు. ఆపరేటరు ఆడపిల్లల నిర్లక్ష్యం అని అక్కడితో సరిపెట్టుకోలేదు ప్రభుత్వం. విచారణ జరిపించింది. ఆపద ఫోనుకు వేరే దారి లేకపోవడమే లోపమని తేలింది. 1937 జూన్ 30న లండన్‌లో 999 నంబరు వచ్చింది. ఆ నంబరు తిప్పితే ఎక్స్ఛేంజీలో ఎర్రదీపం వెలిగి హెచ్చరిక మోగేది. దాని తర్వాత చాలా ఏళ్ళకు, 1968లో, అమెరికాలో 911. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అన్ని ఆపదలకూ ఒకే నంబరుగా 112 వచ్చింది 2019లో. ఇదంతా నడిచిన దారిలో మొదటి మజిలీ, కోపంతో ఉన్న ఒక పాఠకుడి ఉత్తరం. నన్ను దులిపేసిన వారందరికీ అందుకే నమస్కరిస్తున్నాను.

ఆఖరి ఉత్తరం మన సభ్యుడొకరి మనవరాలిది. ఆ అమ్మాయి ఇలాంటి కేంద్రంలోనే ఫోను ఎత్తే ఉద్యోగం చేస్తోంది. ఆమె కూడా నన్ను మెచ్చుకోలేదు. "తాతగారూ, మమ్మల్ని దేవతలని రాశారు. దేవతలకు కథ చివర ఏమైందో తెలుస్తుంది. మాకు తెలియదు. బండి చేరిందని తెలుస్తుంది. ఆ పాప బతికిందా లేదా తెలియదు. తర్వాతి ఫోను ఎత్తాలి. అది ఎవరో పిల్లవాడు ఆటకు చేసినదైనా మర్యాదగానే మాట్లాడాలి. పొగడక్కర్లేదు. ఫోను పెట్టెయ్యకండి అని మీవాళ్ళకు చెప్పండి చాలు."

ఈ పిల్ల మాటను నేను ఆజ్ఞగా తీసుకున్నాను. మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో ఇద్దరం, లేదా ఒక్కరం. అర్ధరాత్రి ఫోను చెయ్యవలసింది మనమే. అందుకని ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఒక తెల్లకాగితం తీసుకోండి. పెద్ద అక్షరాలతో మొదట జిల్లా, మండలం, ఊరు, వీధి, ఇంటి నంబరు, దగ్గరలోని గుడో బడో రాయండి. తర్వాత మీ ఫోను నంబరు. దాని కింద ఇద్దరి వయసు, ఉన్న జబ్బులు, వాడే మందులు, ముఖ్యంగా నెత్తురు పలచబరిచేవి. అడుగున 112, 108. ఫోను పక్కన గోడకు అంటించండి. పనిమనిషికీ, పక్కింటివారికీ చూపించండి. ఫోను చేసినప్పుడు పైనుంచి కిందకు చదవండి. అడిగినదానికే జవాబు చెప్పండి. వాళ్ళు పెట్టమనే వరకు పెట్టెయ్యకండి. వీలుంటే ఒకరిని వీధి మొగలో దీపంతో నిలబెట్టండి. పెన్షను కాగితాల సంగతో, కొడుకు చూడటం లేదన్న బాధో అయితే వృద్ధుల కోసం 14567 ఉంది. ఆ పనికి ఆపద నంబరు వాడకండి.

సేవలో లోపం జరిగితే తప్పకుండా విమర్శించండి. వేళలు రాసి పెట్టుకుని విమర్శించండి. ఆ గొంతు తప్పా, ఆ పద్ధతి తప్పా, బండ్లు చాలకపోవడం తప్పా అన్నది విడదీసి రాయండి. మీ ఉత్తరాలు నాకు పంపితే సంఘం ముద్ర వేయించి పై అధికారులకు చేరవేస్తాను, నకలు ఫైల్లో ఉంచుతాను.

కాగితానికి నమూనా ఒకటి కార్యదర్శిగారు అచ్చు వేయించారు. భోజనాల దగ్గర బల్ల మీద ఉంటాయి, తలా ఒకటి తీసుకెళ్ళండి.