భయం పోయేదాకా ఆగనక్కర్లేదు



నలుగురిలో నోరు విప్పాలంటే వణికిపోయే పిల్లలు ఉద్యోగం ఎలా వెతుక్కోవాలి, వాళ్లకు మనం ఎలా తోడుండాలి అన్నది ఈ పూట నాకు అప్పగించిన విషయం. ఏళ్లుగా డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తూ నేను గట్టిగా నమ్ముతున్న మాట ఒకటుంది. భయం పూర్తిగా పోయాక ఉద్యోగ ప్రయత్నం మొదలుపెడదామనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. పద్ధతిగా సాగితే ఆ ప్రయత్నమే భయానికి మందవుతుంది. పద్ధతి తప్పితే అదే భయాన్ని ముదరబెడుతుంది. ఆ పద్ధతి చాలావరకు ఈ హాల్లో కూర్చున్న ప్లేస్‌మెంట్ అధికారులు, అధ్యాపకుల చేతుల్లోనే ఉంది.

కొత్తవాళ్ల ముందు బిడియం, పెద్దల దగ్గర మొహమాటం మనలో చాలామందికి ఉన్నవే. కాసేపటికి అవి సర్దుకుంటాయి. సోషల్ యాంగ్జైటీ అలా సర్దుకోదు. నలుగురి చూపు తన మీద పడుతుందంటేనే గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతు పూడుకుపోవడం. ఏదో తప్పు మాట్లాడి నవ్వులపాలవుతానన్న దిగులు. ఆ దిగులుతో క్లాసులో లేచి మాట్లాడటం, ఫోన్ ఎత్తడం, క్యాంటీన్లో అందరితో కలిసి తినడం కూడా మానుకుంటారు. సాధారణంగా ఆరు నెలలకు పైగా ఇలాగే సాగి, చదువుకో పనికో అడ్డం పడుతుంటే దాన్ని రుగ్మతగానే చూడాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథంలో సోషల్ ఫోబియా పేరుతో దీనికి విడిగా చోటిచ్చింది. ఎక్కువమందిలో ఇది హైస్కూలు వయసుకే మొదలవుతుంది. అంటే ఫైనలియర్‌లో మన ముందుకొచ్చే విద్యార్థి అప్పటికే ఎన్నో ఏళ్లుగా దీన్ని మోస్తున్నాడు. ఎవరికీ చెప్పి ఉండడు. నెమ్మదస్తుడు, బుద్ధిమంతుడు అని ఇంట్లో మెచ్చుకుని కూడా ఉంటారు.

పామంటే భయమున్నవాడు పాముల జోలికి పోకుండా బతికేయొచ్చు. ఉద్యోగం వెతికేవాడికి ఆ వెసులుబాటు లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేస్తాడు. గ్రూప్ డిస్కషన్‌లో చుట్టూ పదిమంది కూర్చుంటారు. ఇంటర్వ్యూ ప్యానెల్ మార్కులు వేస్తుంది. దేనికి భయపడతాడో అక్కడ అదే పరీక్ష. పోనీ మానేద్దామంటే చదువు కోసం బ్యాంకులో తెచ్చిన అప్పుకు సాధారణంగా కోర్సు అయిన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయి. దాని మీద నాన్న సంతకం ఉంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ డ్రైవ్‌కు రానివారి పేరు జాబితాలోంచి తీసేస్తామని నోటీసు బోర్డులో ఉంది. పెళ్లికి వెళ్తే "ఏం బాబూ, ఎక్కడ చేస్తున్నావు?" అన్న పలకరింపు ఉంది. ఆ పలకరింపుకు జడిసి చుట్టాల ఇళ్లకు వెళ్లడమే మానేసిన పిల్లలు నాకు తెలుసు.

ఒకసారి ఒక అబ్బాయి నా ఎదుట కూర్చుని ఉండగా అతని ఫోన్ మోగింది. తెలియని నంబరు. కంపెనీలకు దరఖాస్తులు పెట్టి ఉన్నాడు కాబట్టి ఎక్కడినుంచో ఊహించగలడు. ఫోన్ బోర్లించాడు. మోగినంతసేపూ దానివైపే చూశాడు. ఆగిపోగానే భుజాలు దిగాయి, గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత ట్రూకాలర్‌లో చూస్తే కంపెనీ పేరే కనబడింది. "సాయంత్రం చేస్తాలెండి మేడం" అన్నాడు. చేయలేదు. ఆ భుజాలు దిగాయే, అక్కడే జబ్బు వేళ్లూనుకుంటుంది. తప్పించుకున్న ప్రతిసారీ వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయికి అలవాటుపడ్డ మనసు మరోసారి ఇంకా ముందే తప్పించుకోమంటుంది. ఫోన్ ఎత్తి ఉంటే ఏమయ్యేదో మాత్రం ఎన్నటికీ తెలియదు.

మనిషి ఇంటర్వ్యూ గదిలో కూర్చుని ఉండి కూడా తప్పించుకోవచ్చు. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1995లో ఈ సంగతిని చక్కగా విడమరచి చెప్పారు. భయపడే మనిషి దృష్టి ఎదుటివారి మీద ఉండదు, తన మీదే ఉంటుంది. గొంతు వణుకుతోందా, మొహం ఎర్రబడిందా అని లోపల కాపలా కాస్తుంటాడు. బయటపడకుండా ఉండటానికి ఏవో జాగ్రత్తలు పడతాడు. బట్టీపట్టిన జవాబును లోలోపల వల్లెవేస్తూ ప్యానెల్ అడిగింది వినిపించుకోడు. చేతుల వణుకు కనబడకూడదని పిడికిళ్లు బిగిస్తాడు, వణుకు ఇంకాస్త పెరుగుతుంది. ఎలాగో గట్టెక్కినా ఆ జాగ్రత్తల వల్లే బతికిపోయాననుకుంటాడు తప్ప తన సత్తాను లెక్కలో వేసుకోడు. ఆ రాత్రి హాస్టల్లో పడుకుని, తడబడ్డ ఒక్క మాటనే తిరగేసి మరగేసి బాధపడతాడు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్"కు ఒకే పేరా రాసిచ్చి అరవై మంది చేత బట్టీ పట్టించే మన శిక్షణ, ఈ పిల్లల విషయంలో జబ్బుకు ఎరువు వేస్తోంది.

మరి ఏం చేయాలి? డెట్రాయిట్ నగరంలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ హిమ్లే బృందం చేసిన ప్రయత్నం మనకు బాగా పనికొస్తుంది. ఉపాధి కేంద్రానికి వచ్చిన నిరుద్యోగుల్లో సోషల్ యాంగ్జైటీ ఉన్న 58 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలు ఉపాధి సేవలే అందాయి. మిగతావారికి వాటితో పాటు, ఉద్యోగ ప్రయత్నానికి తగ్గట్టు మలిచిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని, అంటే ఆలోచననూ ప్రవర్తననూ మార్చే చికిత్సను, బృందంగా, ఆ కేంద్రంలోనే ఇచ్చారు. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఈ రెండో జట్టులో భయమూ దిగులూ ఎక్కువగా తగ్గాయి. ఉద్యోగం వెతకడంలో నమ్మకం పెరిగింది. చిన్న అధ్యయనమే అయినా నాకు అందులో నచ్చింది చోటు. వాళ్లను ఆసుపత్రికి రమ్మనలేదు, ఉద్యోగం కోసం వచ్చినచోటే వైద్యం అందించారు. మన ప్లేస్‌మెంట్ సెల్ కూడా అలాంటి చోటు కాగలదు.

ఫోన్ బోర్లించిన ఆ అబ్బాయితో మేము చిన్న మెట్టు నుంచి మొదలుపెట్టాం. మొదటి పని, ఒక దుకాణానికి ఫోన్ చేసి ఆదివారం తెరుస్తారా అని అడగడం. చేసేముందు ఏమవుతుందనుకుంటున్నాడో కాగితం మీద రాయమన్నాను. "మాట తడబడుతుంది, అవతలివాళ్లు విసుక్కుంటారు" అని రాశాడు. చేశాక కింద రాసింది ఇది: "తడబడింది. ఆయన పట్టించుకోలేదు. పదింటికి తెరుస్తామన్నారు." ఏ ఉపదేశమూ చేయలేని పని ఆ మూడు వాక్యాలు చేశాయి. ఆ తర్వాత సీనియర్‌కు ఫోన్ చేసి కంపెనీ వివరాలు అడగడం, ఒక్క అధ్యాపకుడి ముందు మాక్ ఇంటర్వ్యూ, తర్వాత ముగ్గురి ముందు, అటుపైన రాకపోయినా బాధలేని ఉద్యోగానికి వాక్ ఇన్, చివరికి కావాలనుకున్న ఉద్యోగం. మాక్ ఇంటర్వ్యూను వీడియో తీసి చూపిస్తే, తనలో భూకంపంలా తోచిన వణుకు బయటికి కనబడనే లేదని చాలామంది కళ్లారా తెలుసుకుంటారు. మెట్టుమెట్టుకూ గుండె దడ ఉంటుంది, ఉండనివ్వాలి. దడతోనే పని జరిగిపోతుందన్నది అనుభవానికి రావాలి.

భయం మరీ తీవ్రంగా ఉన్నవారికి సైకియాట్రిస్టు సాయం కావాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌తో 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోనంటేనే భయపడే పిల్లాడికి పక్కన కూర్చుని నంబరు నొక్కి ఇచ్చే మనిషి ఉండాలి. దడ తగ్గే మాత్ర అని స్నేహితులు చెప్పింది మందుల షాపులో కొని మింగొద్దని కూడా చెప్పండి. అలాంటి మాత్రల్లో కొన్ని ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం.

మాట రానివాడికి పని రాదనుకోవద్దు. బారిస్టరై వచ్చిన గాంధీజీ బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసుకు లేచి నిలబడి, కళ్లు తిరిగి, ఒక్క ప్రశ్నా అడగలేక కేసు వదిలేసి వచ్చిన సంగతి ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. ఆ తర్వాత రాజ్‌కోట్‌లో అర్జీలు, వినతిపత్రాలు రాసిపెడుతూ నెలకు సగటున 300 రూపాయలు సంపాదించారు. నోటితో కానిది కలంతో సాగింది. సభలో మాట్లాడటం ఆ తర్వాత, అవసరం పట్టి లాగిన చోట, దక్షిణాఫ్రికాలో అబ్బింది.

యాజమాన్యాలకూ చెప్పాల్సింది ఉంది. ఇంటర్వ్యూ లేకుండా ఉద్యోగమివ్వడం వింతేమీ కాదు. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి, గ్రూప్ బి నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేశారు. తెలంగాణలో 2022లో గ్రూప్ 1కు కూడా తీసేశారు. అందరినీ ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూ, తోచిందల్లా అడిగే ఇంటర్వ్యూ కంటే పనితనాన్ని బాగా పట్టిస్తుందని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. కోడ్ రాసే ఉద్యోగానికి కోడ్ రాయించి చూడమనండి. గ్రూప్ డిస్కషన్‌లో గొంతు పెద్దదైనవాడే మిగులుతున్నాడని కంపెనీ ప్రతినిధులతో నిర్భయంగా అనండి. ఆ మాట అనగలిగిన స్థానంలో ఉన్నది మీరే.

చివరగా నా విన్నపం. "భయమెందుకురా, ధైర్యంగా ఉండు" అనడం మానండి, అది వాళ్లు తమకు తాము రోజూ చెప్పుకుంటున్నదే. తరగతి మొత్తం చూస్తుండగా మాక్ ఇంటర్వ్యూలో తప్పులెంచకండి. ఎంతమందికి ఆఫర్లు వచ్చాయన్న లెక్క ప్రతి కాలేజీ రాసిపెట్టుకుంటుంది. దాని పక్కనే ఇంకో జాబితా రాయండి: డ్రైవ్‌కు పేరిచ్చి, ఆ ఉదయం రానివాళ్లు ఎవరెవరు? వాళ్లను బద్ధకస్తులని కొట్టేయకుండా ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో అడగండి. అక్కడినుంచే మొదలుపెట్టండి.