రాధ అలిగిన తరువాత



ఇటీవల కనిగిరిలో ఒక సాహిత్యగోష్ఠి ముగిసిన పిమ్మట, విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు నన్ను ఆపి ఒక ప్రశ్న వేసినారు. పురుషుడు శృంగారమును వర్ణించినప్పుడు మనకు రసము గుర్తుకు వచ్చునే, స్త్రీ వర్ణించినప్పుడు మాత్రము నీతి గుర్తుకు వచ్చుట ఎందువలన? ఆమె చిన్నతనమున పుట్టింటి అలమరలో ముద్దుపళని కావ్యము కనబడగా తెరిచినారట. పెద్దలు చేతిలోనుండి తీసివేసినారట. ఆ ప్రక్కనే ఉన్న విజయవిలాసము మాత్రము ఎవరికీ అభ్యంతరము కాలేదట. నేను తొందరలో ఏదో చెప్పి బస్సు ఎక్కినాను. ఆ సమాధానము నాకే తృప్తి నీయలేదు. ఈ ప్రసంగము ఆ బాకీ తీర్చుకొనుటకే.

ముద్దుపళని తంజావూరు ప్రభువైన ప్రతాపసింహుని ఆస్థానములోని గణిక. అతడు 1739 నుండి 1763 వరకు రాజ్యము చేసినాడు. ఆమె సంగీత నాట్యములు నేర్చినది, సంస్కృతాంధ్రములు చదివినది. తిరుప్పావైని తెలుగున సప్తపదములుగా అనువదించినది. నాలుగు ఆశ్వాసముల శృంగార ప్రబంధము రాధికాసాంత్వనము ఆమెదే. కావ్యారంభమున వంశమును చెప్పుకొనుట కవులకు మామూలే. ఈమె తన అమ్మమ్మను, తల్లిని, గురువును చెప్పుకొని, తన విద్యనూ రూపమునూ పొందిన గౌరవములనూ కూడ సంకోచము లేక చెప్పుకొన్నది. వినయము నటింపలేదు. ఈ సంగతియే కొందరికి మొదట మింగుడుపడలేదని నా అనుమానము.

కథ చిన్నది. ఇళాదేవి అను బాలికను రాధ తన చేతులమీద పెంచి, యుక్తవయస్సు రాగానే కృష్ణునకు తానే ఇచ్చి పెండ్లి చేయును. ఆ పిల్లకు భర్తతో మెలగవలసిన తీరు చెప్పును. కృష్ణునకు ఆ పిల్లయెడ మెలగవలసిన తీరును చెప్పును. అన్నియు ముగించి ఇంటికి వచ్చిన తరువాత గాని, తాను చేసినదేమో ఆమెకు తెలిసిరాదు. అసూయ, కోపము, పశ్చాత్తాపము ఒక్కసారిగా క్రమ్ముకొనును. వయసు పైబడుచున్న స్త్రీ తన స్థానమును తానే మరొకతెకు అప్పగించి పడు వేదన అది. మన ప్రబంధములలో నాయిక అలుక క్రొత్త గాదు. సత్యభామ అలిగినది, కాలితో తన్నినది కూడ. కాని నంది తిమ్మన గారి చేతిలో ఆ అలుక కృష్ణుని చతురతకు ఒక అవకాశము. ముద్దుపళని చేతిలో రాధ కోపమునకు కారణము ఉన్నది, బరువు ఉన్నది. కృష్ణుడు వచ్చి బ్రతిమాలవలసినదే. తనకు సంతోషమేదో, తనకు కావలసినదేదో రాధ నోరు తెరచి చెప్పును. స్త్రీ కోరుట, పురుషుడు తీర్చుట: ఈ తారుమారే ఆ కావ్యమునకు ప్రాణము.

అట్లని నేటి సమానత్వమును ఆ గ్రంథమునకు అంటగట్టుట న్యాయము కాదు. కృష్ణునికి ఇద్దరు ఎందుకని రాధ అడుగదు. తనకు తక్కువ ఎందుకైనదని మాత్రమే అడుగును. ఇళాదేవి మనసేమిటో కవయిత్రి పట్టించుకొన్నది తక్కువ. పుస్తకము మూసినప్పుడు నాకు ఆ పిల్లయే గుర్తుండిపోయినది.

ఇక ఈ కావ్యము పడిన పాట్లు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళని కవితాశక్తిని ఒప్పుకొనియు, గ్రంథములో పెక్కుభాగములు స్త్రీలు వినదగనివని, ఇక స్త్రీ నోట వెలువడుట మరింత తగదని నిందించినారు. వితంతువులకు వివాహములు చేయించి, బాలికలకు పాఠశాల పెట్టి, సంఘముచే వెలివేయబడిన మనుష్యుడు ఆయన. చదువు వచ్చిన స్త్రీ ఏమి వ్రాయవచ్చునన్న చోట మాత్రము ఆయన కాలము ఆయనను పట్టుకొన్నది. దీనిలో నవ్వవలసినది ఏమియు లేదు, విచారింపవలసినది ఉన్నది.

ఆయనకు జవాబు చెప్పినది మరొక గణిక. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878లో జన్మించి, మదరాసులో గాయనిగా ప్రసిద్ధికెక్కిన విదుషి. రాధికాసాంత్వనపు పాత అచ్చుప్రతిలో పీఠిక మొదలైనవి లోపించినట్లు గ్రహించి, వ్రాతప్రతి సంపాదించి పోల్చి పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా ప్రకటింపించినారు. ఆ గ్రంథమునకు ఆమె వ్రాసిన పీఠికలోని వాదము సూటియైనది. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు అక్కరలేదా? ముద్దుపళని వేశ్య గనుక ఇట్లు వ్రాసినదన్నచో, గౌరవనీయులైన పురుషులు వ్రాసినదానిని ఏమనవలెను? వైజయంతీవిలాసమును పంతులుగారే పరిశీలించి అచ్చునకు పంపినారే, దానికంటె ఇందులో అధికమేమున్నది? నేనిక్కడ భావమునే చెప్పుచున్నాను. ఆ పీఠిక దొరికినచో చదవండి. కోపములో కూడ ఆమె వాక్యము తడబడదు.

వాదము పత్రికలతో ఆగలేదు. 1911లో పోలీసులు వావిళ్లవారి దుకాణములో ప్రతులను పట్టుకొన్నారు. ప్రభుత్వ భాషాంతరీకరణాధికారి, తెలుగువాడే, కొన్ని పద్యములు దూష్యములని నివేదించినారు. పండితులు విజ్ఞప్తులు పంపినారు, ఫలింపలేదు. ఇతర ప్రాచీన కావ్యములు కొన్ని కూడ ఆ వలలో పడినవనుట నిజమే. కాని వాని కర్తల నడవడిని ఎవరును విచారణకు ఎక్కింపలేదు. శేషము వేంకటపతి తారాశశాంక విజయములో గురుపత్ని కథ వ్రాసినాడు. అతని శీలమును గురించి ఎవరడిగినారు? ముద్దుపళని పద్యముతో పాటు ఆమె పుట్టుకయు బోనెక్కినది.

ఆ నిషేధము తొలగినది 1947లో. తొలగించినది మదరాసు ప్రధానమంత్రిగా నుండిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. కనిగిరి శ్రోతలకు ఈ మాట ప్రత్యేకముగా చెప్పుచున్నాను. ఆ నాటికి మీ తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశంగారి పేరు పెట్టినారు. తుపాకికి ఎదురు రొమ్ము చూపిన కథ మనవారందరికిని తెలియును. ఒక గణిక కావ్యమునకు చెర విడిపించిన కథ తక్కువమందికి తెలియును. నన్ను ప్రశ్నించిన ఉపాధ్యాయిని కూడ విని ఆశ్చర్యపడగలరు.

1980ల తరువాత తెలుగున స్త్రీలు ఇదే ప్రశ్నను వంటింటినుండి, వీథినుండి, ప్రసవపు గదినుండి వేసినారు. సావిత్రి, జయప్రభ, కొండేపూడి నిర్మల, విమల మొదలైనవారి కవితలు వచ్చినవి. ఓల్గా సంపాదకత్వమున 1993లో నీలిమేఘాలు సంకలనము వెలువడినది. అప్పుడును అసభ్యమన్న మాట వినబడినది. ఆ కవిత్వమును గురించి మరొక ప్రసంగము కావలెను.

నాగరత్నమ్మగారు తమ నగలమ్మి తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినారు. అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడరాదని పెద్దలు అడ్డగించగా, స్త్రీలతోనే వేరొక గోష్ఠి నడిపినారు. 1940 ప్రాంతమున వర్గములన్నియు ఏకమైన తరువాత స్త్రీలు అక్కడ పాడసాగినారు. నిషేధము తొలగిన రాధికాసాంత్వనమును వావిళ్లవారు మరల అచ్చువేసినది 1952లో. ఆ సంవత్సరమే మే నెలలో ఆమె కన్నుమూసినారు. త్యాగయ్యగారి సమాధికి ఎదురుగా, చేతులు జోడించిన ఆమె విగ్రహము ఉన్నది.