రెండు గడ్డలున్నా రొమ్మును కాపాడవచ్చు



బడిలో నా బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఆమధ్య రిపోర్టులతో నా దగ్గరికొచ్చింది. ఒకే రొమ్ములో, దగ్గర దగ్గరగా రెండు కేన్సర్ గడ్డలు. "మొత్తం తీసేస్తారు కదే?" అంది. ఆ భయంతోనే మూడు నెలలు ఎవరికీ చెప్పలేదట. ఆమె అనుమతితోనే ఇది చెబుతున్నాను.

నేను సర్జరీ చదివిన రోజుల్లో జవాబు 'అవును' అనే. ఇప్పుడు మారింది. 2023లో వెలువడిన అమెరికా అధ్యయనంలో రెండు మూడు గడ్డలున్న, 40 ఏళ్లు దాటిన 204 మందికి గడ్డల మేరకే తీసి రేడియేషన్ ఇచ్చారు. ఐదేళ్లలో అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది నూటికి సుమారు ముగ్గురికే. ముందుగా ఎమ్మారై తీయని కొద్దిమందిలో మాత్రం అది చాలా ఎక్కువ.

కాబట్టి స్కానింగ్ పూర్తిగా జరగాలి, తీసిన ముక్క అంచుల్లో కేన్సర్ ఉండకూడదు, రేడియేషన్ మానకూడదు. ఇవి కుదరకపోతే రొమ్ము తీయడమే మంచిది. రేడియేషన్‌కు మనం విశాఖ దాటనక్కర్లేదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది.

నా స్నేహితురాలి రొమ్ము నిలిచింది. ఆ మూడు నెలలు మాత్రం మీరెవరూ పోగొట్టుకోవద్దు. గడ్డ తగిలిన వారంలోనే చూపించుకోండి.