కిత్తనార బట్టీ



నేడు నేను మీతో ముచ్చటింపబోవునది ఒక సారాయి బట్టీని గూర్చి. “ఈ వయస్సున ఈయనకు ఇదేమి ముచ్చట?” అని మీలో కొందరు అనుకొనవచ్చును. నేను పటమటవాడను. సారాయి త్రాగినవాడను కాను, అమ్మినవాడను కాను. కాని దానివలన మా యింట ఒక ప్రాణము పోయినది. ఆ ప్రాణము పోవుటకు సారాయి ఒక్కటియే కారణము కాదు, మా తొందరపాటు కూడ కారణమే. ఆ సంగతి నా మనస్సునకు సూటిగా తగిలినది ఆ బట్టీలో నిలుచున్నప్పుడు. అందుచేత ముందు బట్టీని గూర్చి చెప్పి, తరువాత మా యింటి సంగతి చెప్పెదను.

నా చిన్నతనమున పటమట పల్లె. ఇప్పుడది విజయవాడ నగరములో కలిసిపోయినది. బందరు రోడ్డున కిరుప్రక్కల మేడలే. ఆనాడు చేలగట్లమీద తాటిచెట్లు బారులుగా ఉండెడివి. తెల్లవారకముందే గీతవారు మోకు బిగించుకొని చెట్లెక్కి లొట్లు దింపెడివారు. అది కల్లు. కల్లు తానంతట తానే పులియును. దానికి పొయ్యి అక్కరలేదు. సారాయి అట్లు కాదు. నల్లబెల్లము, తుమ్మచెక్క కుండలో నానవేసి, అది పులిసిన పిమ్మట కాచి, ఆవిరిని చల్లార్చి దింపవలెను. ఆ పనిని రాత్రివేళ, కాలువకట్టల చాటున, పోలీసువారు వత్తురేమో యని బెదరుచు చేసెడివారు. కనుక సారాయి కాచుట యనగా దొంగపని యనియే నేనెరుగుదును. పగటివేళ, తలుపులు తెరచి, లెక్కలు వ్రాసికొనుచు సారాయి కాచు చోటును నేను 2019 వరకు చూడలేదు.

ఆ సంవత్సరము మా మేనల్లుడు చిత్తూరులో ఉద్యోగము చేయుచుండెను. నేను తిరుపతి వెళ్లి, స్వామి దర్శనము చేసికొని, అటనుండి వాని యింటికి పోతిని. “మామయ్యా, ఈ జిల్లాలో కిత్తనార మొక్కతో సారాయి చేస్తున్నారు, చూస్తారా?” అని వాడడిగెను. కిత్తనార యనగా పగ్గములు పేనుకొను నార గదా, దానితో సారాయి యేమిటని నవ్వితిని. నవ్వుచునే వాని వెంట వెళ్లితిని.

కిత్తనార మొక్కను మీలో పెక్కుమంది చూచియుందురు. బూడిదరంగు కలిసిన దళసరి మట్టలు, అంచులకు ముండ్లు, కొనయందు సూదివంటి ముల్లు. ఇది మన దేశపు మొక్క కాదు. మెక్సికో ప్రాంతమునుండి వచ్చినది. పశువులు దాటలేవు గనుక దీనిని పొలములకును రైలుదారులకును కంచెగా నాటిరి. మన డెల్టా భూములవలె దీనికి కాలువనీరు అక్కరలేదు. దక్కను పీఠభూమిలోని మెట్టనేలయే దీనికి హితము. ఎనిమిది పదియేండ్లు, ఒక్కొక్కచో అంతకంటె నెక్కువకాలము, ఇది తన బలమునంతయు మొదట దాచుకొనును. పిమ్మట నడుమనుండి ఇరువది అడుగుల యెత్తున పూలస్తంభము లేచును. దాచుకొన్నదంతయు ఆ పూలకు వ్యయమై, మొక్క చచ్చును. ఈ జాతి మొక్కలలో ఒకదానిని మెక్సికోవారు పూలస్తంభము లేవకముందే నరికి, మట్టలు తీసివేసి, మిగిలిన గడ్డతో టెక్విలా అను మద్యము చేయుదురు.

మన దేశమునను ఈ పని చేయవచ్చునని తలచినవారు డెస్మండ్ నజరెత్ గారు. వారు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన ఇంజనీరు. వారి అగేవ్ ఇండియా కంపెనీ చిత్తూరు జిల్లాలో ఈ చిన్న బట్టీని నెలకొల్పి, 2011లో గోవాలో తన సరకును మొదట అమ్మకమునకు పెట్టినది. టెక్విలా అను పేరు మెక్సికో దేశపు హక్కు గనుక ఆ పేరు దీనికి పెట్టుటకు వీలులేదు.

పని క్రమము ఇట్టిది. పచ్చి గడ్డలో ఇన్యులిన్ అను పదార్థముండును. అది ఉన్నదున్నట్లుగా బాగుగా పులియదు. గడ్డను చాలసేపు ఉడికించినచో అది తీపి చక్కెరగా మారును. ఉడికిన ముక్క నొకదానిని నా చేతిలో పెట్టిరి. నమిలితిని. చిలగడదుంపను బెల్లపుపాకములో ముంచినట్టి రుచి, నోటినిండ నార. ఆ గడ్డలను నలుగగొట్టి రసము తీసి, ఈస్టు కలిపి పులియబెట్టుదురు. పులిసిన రసమును కాగులో కాచుదురు. ఆల్కహాలు 78 డిగ్రీల వేడికి మరగును. నీటికి 100 డిగ్రీలు కావలెను. కాబట్టి ముందు లేచు ఆవిరిలో ఆల్కహాలు హెచ్చుగా నుండును. దానిని చల్లార్చి పట్టుకొనుటయే ఈ విద్య యంతయు. మన కాలువకట్ట మీది కుండకును ఈ కాగునకును సూత్రములో భేదము లేదు.

భేదమెచ్చట నున్నదనగా, ధారను పట్టుటలో నున్నది. మొదట వచ్చు ధార ఘాటైనది, త్రాగుటకు తగనిది, దానిని వేరుచేయుదురు. తుదిని వచ్చునది నీరసమైనది, కంపుగొట్టునది. దానిని గూడ వేరుచేయుదురు. నడిమి ధారను మాత్రమే గ్రహింతురు. దొంగచాటున కాచువాడు ఒక్క చుక్క పారబోయడు. పైగా కొందరు దుర్మార్గులు పరిశ్రమలలో వాడు మిథైల్ ఆల్కహాలును కలిపి అమ్ముదురు. కల్తీసారా త్రాగి జనులు గ్రుడ్డివారగుటకును చచ్చుటకును ముఖ్యకారణమిదియే.

విస్కీని గూర్చియు ఒక మాట. విస్కీ యనగా నిజమునకు యవలు మొదలగు ధాన్యములతో చేయునది. స్కాట్లండులో దానిని ఓక్ కొయ్య పీపాలలో కనీసము మూడేండ్లు నిలువయుంచిన గాని ఆ పేరుతో అమ్మనీయరు. మన దుకాణములలో విస్కీ పేర అమ్ముడగు దానిలో కొంతభాగమునకు ఆధారము చెరకుమడ్డి. అనగా మన రైతులు మిల్లుకు తోలిన చెరకులో చక్కెర పోగా మిగిలినది. ఐరోపా దేశములలో దానిని విస్కీ యనరు. కొనువానికి తాను కొనునది యేమిటో తెలియదు. ఈ బట్టీవారు మాత్రము ఏ మొక్కతో చేసిరో చెప్పి అమ్ముచుండిరి. ఆపాటి నిజాయితీని మెచ్చుకొంటిని.

అట్లని అది మంచి వస్తువని నేను చెప్పుట లేదు. మద్యము ఎంత కొంచెమైనను ఆరోగ్యమునకు నిరపాయము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టముగా చెప్పినది. శుచిగా కాచినను, నాటుగా కాచినను, కాలేయమునకు ఒక్కటియే. నాకు గ్లాసులో కొంచెము పోసి యిచ్చిరి. వాసన చూచి, మరల వారి చేతికే యిచ్చివేసితిని.

అచ్చట పొయ్యి చూచుకొను పనివాడొకడు నాకు అన్నియు చూపుచుండెను. “వేడి ఒక్కసారిగా పెంచకూడదండీ, ఒక్కసారిగా తగ్గించకూడదు. తొందరపడితే మంచీ చెడూ కలిసిపోతాయి” అని వాడనెను. తన పనిని గూర్చియే వాడన్నాడు. నాకు మాత్రము మా తమ్ముడు జ్ఞప్తికి వచ్చెను.

మా తమ్ముడు పదునైదేండ్లు త్రాగినాడు. రెండెకరముల మాగాణి అమ్మినాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించినప్పుడు మా మరదలు ఆ వార్తను పత్రికలో చదివించుకొని కన్నీరు పెట్టుకొన్నది. 1995 జనవరి 16న రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చెను. మా యింట పండుగయే. ఇక తమ్ముడు బాగుపడునని తలచి, దొంగసారా కొఱకు పోకుండ వానిని గదిలోపెట్టి తాళము వేసితిమి. తాళపుచెవి నా జేబులో నుండెను.

రెండవనాడు వానికి చేతులు వణకసాగెను, చెమటలు పట్టెను. మూడవనాడు గోడమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసెను. దయ్యము పట్టినదని మంత్రగానిని పిలిపించితిమి. ఆ రాత్రి మూర్ఛలు వచ్చెను. తెల్లవారునప్పటికి తమ్ముడు లేడు.

కొన్ని యేండ్ల తరువాత ఒక వైద్యుడు నాకు కారణము చెప్పెను. ఏండ్ల తరబడి దినదినము త్రాగినవాని మెదడు మద్యమునకు అలవాటుపడియుండును. హఠాత్తుగా ఆపినచో అది అదుపుతప్పును. రెండు మూడు దినములలో వణుకు, భ్రమలు, మూర్ఛలు వచ్చి ప్రాణము పోవచ్చును. ఆసుపత్రిలో ఉంచి, తగిన మందులును బి-1 విటమినును ఇచ్చుచు మాన్పించినచో బ్రదుకును. ఆ మాట నమ్మియు, నా మనస్సు ఒప్పుకొనలేదు. ఆ బట్టీలో పనివాని మాట విన్ననాడు ఒప్పుకొన్నది.

నిషేధమును నేను నిందించుట లేదు. రాజాజీగారి మంత్రివర్గము 1937లో సేలములో మొదలుపెట్టి, 1938లో నేను చెప్పిన ఆ చిత్తూరు జిల్లాకే దానిని విస్తరింపజేసినది. తరువాత చట్టములు వచ్చినవి, పోయినవి. 1995 నాటి నిషేధమును 1997లో సడలించిరి. దూబగుంట స్త్రీల బాధ న్యాయమైనది. కాని దుకాణము మూయుట వేరు, త్రాగుబోతును బ్రదికించుట వేరు. రెండవ పనికి వైద్యుడు కావలెను. ఆనాడు మాకది తెలియదు.

కాబట్టి పెద్దలారా, మీ యూరిలో దినమును త్రాగుచు మానదలచినవాడున్నచో, లేక వానిచేత మాన్పింపదలచినచో, కొట్టకుడు, కట్టకుడు, గదిలో పెట్టి తాళము వేయకుడు. నలుగురిలో అవమానింపకుడు. మానుటకు ముందే ఆసుపత్రికి కొనిపోవుడు. చేతులు వణకినను, లేనివి కనబడుచున్నవనినను, మూర్ఛ వచ్చినను మంత్రగాని కొఱకు చూడక వెంటనే వైద్యునియొద్దకు చేర్చుడు. వ్యసనము మాన్పుటకు సలహా చెప్పు ప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్య 14446. దానిని పంచాయతీ కచేరీ గోడమీద వ్రాయించుడు.

చిత్తూరునుండి వచ్చిన పిమ్మట ఈ సంగతి యంతయు మా మరదలికి చెప్పితిని. తాళపుచెవి సంగతి కూడ చెప్పి తలవంచుకొంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అప్పుడు మనకు తెలియదు గదా బావగారూ. ఇప్పుడు తెలిసింది నలుగురికీ చెప్పండి” అన్నది. అందుకే ఈనాడు మీకు చెప్పితిని.

సెలవు.