విశ్వకిరణములు – భూమి కోట

ఈ సూరత్ మీదను, కెనడా మీదను ఒకే ఎత్తున కొలిచినను విశ్వకిరణముల తాకిడి సమానము కాదు. భూమి అయస్కాంతశక్తి ధ్రువములచెంత తలుపు తెరచి, మధ్యరేఖకడ మూసియుంచును. డచ్చి శాస్త్రజ్ఞుడు క్లే 1927లో జావా ఓడప్రయాణమున ఈ భేదమును గుర్తించెను. సముద్రమట్టమున అది సుమారు పదింట ఒక వంతే. గాలి మిక్కిలి పలుచనైన ఎత్తులందు అనేక రెట్లు.

మన హైదరాబాదు పైకి నిటారుగా దిగవలెనన్న ప్రోటానుకు సుమారు 1,700 కోట్ల ఎలెక్ట్రాన్ వోల్టుల శక్తి కావలెను. తక్కినవి త్రోవ మళ్ళి పోవును. ఈ కొరతయే మనకు కలిసివచ్చినది! కిరణముల రొద తక్కువ గనుక, దూరతారల ఎక్స్ కిరణములను బెలూనులలో వెదకుటకు ఆ ఆకాశము అనువైనది. టాటా మౌలిక పరిశోధన సంస్థ అచట 1959లోనే బెలూనులు ఎగురవేసెను.