కూర్చుండు విధము – నడుము నొప్పి



షాలిమార్ అనగనే ఒకప్పుడు సరకుల యార్డు స్ఫురించెడిది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి మన తెలుగువారు ఈ రైలుమార్గముల వెంట బ్రదుకుతెరువు వెదకుకొనుచు వచ్చిరి. కొందరు బస్తాలు మోసిరి. కొందరు లెక్కలు వ్రాసిరి. మోసినవానికి నడుము నొప్పి వచ్చినచో లోకము జాలిపడును. వ్రాసినవానికి వచ్చినచో, కుర్చీలో కూర్చుండువానికి నొప్పియేమని నవ్వును. నేటి ప్రసంగము ఆ రెండవవానిని గూర్చి.

నడుమున ఐదు వెన్నుపూసలు గలవు. వాని క్రింది త్రికాస్థి కటివలయమున ఒక భాగము. కావున వలయము ముందుకు వాలినచో నడుము వంపు పెరుగును. వెనుకకు వాలినచో ఆ వంపు చదునై వీపు గూనివలె అగును. పిరుదుల అడుగున రెండు ఎముక గుబ్బలున్నవి. నిటారుగా కూర్చున్నవాని బరువు వానిపై నిలుచును. భోజనానంతరము గుమాస్తా కుర్చీలో క్రిందికి జారినపుడు ఆ బరువు తోకయెముక వైపునకు మరలును. తొడల వెనుక కండరములు ఆ గుబ్బలకే అంటియుండును; అవి బిగిసియున్నవారికి వలయము మరింత సులభముగా వెనుకకు వాలును.

ఇంతవరకు శరీరశాస్త్రము. అయితే వలయము వాలుటయే రోగమని చెప్పువారి మాట పూర్తిగా నమ్మదగినది కాదు. 2011లో ప్రకటితమైన ఒక పరిశీలనయందు నొప్పి యెరుగని 120 మందిని కొలువగా, పురుషులలో 85 శాతమునకు, స్త్రీలలో 75 శాతమునకు వలయము ముందుకు వాలియే యున్నది! స్వీడను వైద్యుడు నాచెమ్‌సన్ 1960 దశకమున, పూసల నడుమనున్న మెత్తని బిళ్లలపై ఒత్తిడి నిలుచున్నప్పటికంటె కూర్చున్నపుడు హెచ్చని కొలిచి చెప్పెను. 1999లో జర్మనీయందు విల్కే బృందము ఒక వ్యక్తియందు కొలువగా, వెనుకకు చేరగిలబడి కూర్చున్నపుడు అది తక్కువగానే కనబడినది. కుర్చీని నిందించుటకు తొందరపడరాదు. అసలు దోషము ఒకే భంగిమలో గంటల తరబడి కదలకుండుట. అరగంట కొకసారి లేచి, ఫైలును స్వయముగా ప్రక్కబల్లకు చేర్చివచ్చిన ఉద్యోగికి అగౌరవము లేదు. పాదములు నేలనందనిచో క్రింద పీట వేసికొనవలెను. వెనుకజేబులోని లావుపాటి పర్సు కూర్చుండునపుడు తీసివేయవలెను. అది ఒక ప్రక్కను ఎత్తి, కాలికి పోవు నరమును నొక్కవచ్చును.

గృహిణుల సంగతి వేరు. కాన్పు తరువాత కటిప్రదేశమున నొప్పి, దగ్గినపుడు మూత్రము జారుట యను బాధలను మన స్త్రీలు సిగ్గుచే ఏండ్ల తరబడి దాచుకొందురు. కటివలయపు అడుగు కండరములను బిగించి వదలు అభ్యాసము నేర్చినచో చాలమందికి ఉపశమనము కలుగును. ఈ సంగతి ఇంటిలో అత్తగారైనను, భర్తయైనను ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది.

షాలిమార్‌నుండి హైదరాబాదునకు ఈస్టు కోస్టు ఎక్స్‌ప్రెస్‌లో పోవువారు విజయనగరము, విశాఖపట్టణము వచ్చువరకైనను ఆగక, నడుమ నడుమ లేచి పెట్టెలోనే నాలుగడుగులు వేయవలెను. నడుము నొప్పితోబాటు తొడలసందున తిమ్మిరి, కాళ్ల బలహీనత, మలమూత్రములపై అదుపు తప్పుట కనబడినచో మాత్రము నూనె మర్దనలు, కట్లు మాని ఆనాడే ఆసుపత్రికి చేరవలెను.